ముందు బాట సంగతి తేల్చండి, రన్‌వే సంగతి తర్వాత

అడిగిన ప్రశ్న ఇది: "పెద్ద విమానాశ్రయాలు చుట్టుపక్కల ఊళ్లతో, జనంతో ఎట్లా వ్యవహరిస్తాయి? వరంగల్ పక్కన మామునూరుకు విమానాశ్రయం వస్తోంది కదా, అక్కడి వాళ్ల మాటకు విలువ ఉంటుందా?"

ఉంటుంది, ఆ మాట కాగితం మీదికి ఎక్కితే. ఎక్కకపోతే ఊరంతా కలిసి చెప్పినా గాలికి పోతుంది. నేను విమానాశ్రయంలో పనిచేసినవాణ్ణి కాదు. హన్మకొండలో ఉంటాను, మా అమ్మ తరఫు వాళ్లంతా వ్యవసాయం మీదే బతికేవాళ్లు. భూమి తీసుకునే ముందు పెట్టే మీటింగులు ఎట్లా ఉంటాయో దగ్గర కూర్చుని చూశాను. రోడ్డయినా, కాలువయినా, విమానాశ్రయమయినా ఆ టెంటు కింద జరిగేది ఒక్కటే.

కొన్నేళ్ల కింద మా చిన్నమ్మ వాళ్ల ఊరి పక్క నుంచి ఒక పెద్ద రోడ్డు వేశారు. ఏ రోడ్డు, ఏ ఆఫీసు అనేది ఇక్కడ రాయను. బడి ఆవరణలో టెంటు వేశారు, ముందు వరుసలో కుర్చీలు నాయకులకు, వెనక ఊరివాళ్లకు. ఆడవాళ్లు గోడ పక్కన నిలబడ్డారు. ఒక ఫ్లెక్సీ మీద మ్యాప్ కట్టారు, దాని మీద ఒక్క తెలుగు అక్షరం లేదు. ఎర్ర గీత రోడ్డు అని అర్థమైంది కానీ ఆ గీత ఎవరి చేను మీదుగా పోతోందో అక్కడున్న వాళ్లలో ఎవరికీ తెలియలేదు. సర్వే నంబర్లు కూడా చీమల్లా అంత చిన్నగా ఉన్నాయి. వచ్చిన సారు మంచిగానే మాట్లాడాడు, మర్యాదస్తుడు. ఎకరానికి ఎంత, ఎప్పుడిస్తారు, ఎవరి ఖాతాలో వేస్తారు అనే దగ్గరే మీటింగ్ అంతా గడిచింది. మగవాళ్లు అరిచినంత సేపూ రేటు గురించే అరిచారు.

చివరికి మా చిన్నమ్మ చెయ్యెత్తింది. "సారూ, రోడ్డుకు అవుతల నా చెలక ఉన్నది, ఇవుతల ఇల్లున్నది. బర్లను తోలుకొని నేనెట్ల దాటాలె?" అని అడిగింది. ముందు వరుసలో ఒకాయన నవ్వాడు. సారు మాత్రం నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగినవమ్మా, నోట్ చేసుకుంటున్నం" అన్నాడు. పక్కన ఒక కుర్రాడు ప్యాడు పట్టుకుని కూర్చున్నాడు, చేతిలో పెన్ను ఉంది. నేను ఆ పెన్ను వైపే చూస్తున్నాను. అది కదల్లేదు. తర్వాత చాయ్ ఇచ్చారు, అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు, చిన్నమ్మ వేలిముద్ర వేసింది.

రోడ్డు వచ్చింది. మట్టి కట్ట మనిషి ఎత్తు కంటే పైకి లేపారు. ఆమె ఇంటి ముందు నిలబడితే చెలకలోని చింతచెట్టు కొన కనిపిస్తుంది, కానీ అక్కడికి పోవాలంటే పక్క ఊరి దాకా నడిచి, వంతెన కింద దూరి, మళ్లీ వెనక్కి రావాలి. బర్లను అంత దూరం ఎవరు తోలుతారు? అమ్మేసింది. చెలక కౌలుకిచ్చింది. పరిహారం డబ్బులు వచ్చాయి, కాదనను, ఆమె కొడుకు ఇల్లు కట్టుకున్నాడు. కానీ పొద్దున లేచి తన చేనుకు తాను పోయే మనిషి ఆ తర్వాత ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయింది.

నేను ఊరుకోలేక సమాచార హక్కు చట్టం కింద ఆ మీటింగ్ కాగితాలు అడిగాను. పేజీన్నర వచ్చింది. "హాజరైన రైతులందరూ ప్రాజెక్టుకు సుముఖత తెలిపారు. పరిహారం పెంచాలని కోరారు." బర్ల సంగతి ఎక్కడా లేదు. వెనక హాజరు పట్టీ జత చేశారు, అందులో చిన్నమ్మ వేలిముద్ర ఉంది. ఆమె అడిగిన ప్రశ్న పోయింది, ఆమె ఒప్పుకున్నట్టు ఆమె వేలే సాక్ష్యమైంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. డిజైన్ దశలో ఆ కట్ట కింద ఒక పశువుల దారి పెట్టడం ఆ ప్రాజెక్టు ఖర్చులో లెక్కలోకి రానంత పని. కట్ట లేచాక మాత్రం ఎవరి కాళ్లు పట్టుకున్నా కాదు.

ఇప్పుడు మామునూరుకు వద్దాం. అక్కడ ఎయిర్‌ఫీల్డు కొత్తదేమీ కాదు, 1930లో నిజాం కాలంలో కట్టింది. 1981 దాకా నడిచి ఆగిపోయింది. 696 ఎకరాలు ఇప్పటికే ఉన్నాయి, ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు, దానికి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు కేటాయించింది, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం ఒప్పుకుంది. మరి ఇన్నేళ్లూ ఎందుకు కాలేదు? నిధులు, భూమి అనే మాటలు ఉన్నాయి కానీ పెద్ద అడ్డంకి వేరే ఉంది. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు కొత్తది రాకూడదని షరతు రాసుకున్నారు. శంషాబాద్ నడిపే సంస్థ మాకు అభ్యంతరం లేదు అని రాసిచ్చాకే మామునూరు ఫైలు ముందుకు కదిలింది.

నేను ఆ సంస్థను తప్పు పట్టడం లేదు. వాళ్లు పెట్టుబడి పెట్టారు, వాళ్ల షరతు వాళ్లు రాయించుకున్నారు. నేను చెప్పేదల్లా, కాగితం మీద ఒక్క వాక్యం ఉన్నందుకు ఒక కంపెనీ మాట కోసం ఒక జిల్లా మొత్తం ఏళ్ల తరబడి ఆగింది. రన్‌వే పక్క ఊళ్లో ఉన్న రైతుకు అట్లాంటి వాక్యం ఒక్కటైనా ఉండాలా వద్దా? విమానాశ్రయంతో సంబంధం ఉన్నవాళ్లు అనగానే విమాన సంస్థలు, వ్యాపార సంఘాలు, హోటళ్లవాళ్లు, ఎంపీ, ఎమ్మెల్యేలు గుర్తొస్తారు. వీళ్లందరికీ పిలిస్తే కుర్చీ ఉంటుంది. గోడ పక్కన నిలబడే వాళ్ల సంగతే నేను మాట్లాడుతున్నది.

వాళ్లను అడగకుండా కడితే ఏమవుతుందో జపాన్ చూపించింది. టోక్యో కోసం నరితాలో విమానాశ్రయం కట్టాలని 1966లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది, సాగు చేసుకుంటున్న రైతులను అడగలేదు. రైతులు తిరగబడ్డారు, విద్యార్థులు కలిశారు, పోలీసులు కూడా చనిపోయారు. 1978 మార్చిలో తెరవాల్సింది, సరిగ్గా ముందు రోజుల్లో ఆందోళనకారులు కంట్రోల్ టవర్‌లోకి చొరబడి పరికరాలు పగలగొట్టారు, మే నెలలో తెరిచారు, అదీ ఒక్క రన్‌వేతో. రెండో రన్‌వే రావడానికి 2002 దాకా పట్టింది, అది కూడా అనుకున్న 2,500 మీటర్లు కాదు, 2,180 మీటర్లే. మధ్యలో ఏం మారింది? 1991 నుంచి ప్రభుత్వం రైతులతో ఎదురెదురుగా కూర్చుని బహిరంగ చర్చలు పెట్టింది, 1993లో ఇక బలవంతంగా భూమి తీసుకోబోమని ఒప్పుకుంది. పాతికేళ్లు కొట్లాడి చేరిన ఆ చోటికి మొదటి ఏడాదే చేరి ఉంటే అన్ని ప్రాణాలు పోయేవి కావు. అక్కడ ఇప్పటికీ విమానాలు తిరిగే దారుల మధ్య కూరగాయలు పండించే పొలం ఉంది.

లండన్ హీత్రూ సంగతి ఇంకో రకం. మా మేనకోడలు హౌన్‌స్లోలో ఉంటుంది, విమానాలు ఇంటి మీదుగానే దిగుతాయి. ఒకరోజు ఫోన్‌లో నాకు ఆ చప్పుడుకు మాట వినబడలేదు. "ఆగు మామయ్యా, మూడు కొడితే అవతలి రన్‌వేకు మళ్లుతయి, అప్పుడు చేస్త" అంది. నిజంగానే అక్కడున్న రెండు రన్‌వేల్లో, విమానాలు దిగే రన్‌వేను మధ్యాహ్నం మూడింటికి మారుస్తారు, ఏ వారం ఎవరికి పొద్దున మోత, ఎవరికి సాయంత్రం మోత అని ముందే పట్టిక వేసి అందరికీ చూపిస్తారు. నా దృష్టిలో జనంతో మాట్లాడటం అంటే అదీ. మోత పోలేదు, కానీ ఏ పూట ఉండదో చంటిపిల్ల తల్లికి తెలుసు. అక్కడ అయిదో టెర్మినల్ కట్టే ముందు 1995 నుంచి 1999 దాకా బహిరంగ విచారణే నడిచింది, చివరికి ఏడాదికి 4,80,000 విమాన రాకపోకలు మించకూడదని షరతు పెట్టి అనుమతి ఇచ్చారు. మన వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని ఆలస్యం అంటారు. నేను ఒప్పుకోను. ఆ షరతు ఆ ఊళ్లవాళ్ల చేతిలో ఈరోజుకీ ఉంది.

అలాగని అక్కడంతా బంగారం అని కూడా అనను. మూడో రన్‌వే కడతాం, కట్టం, కడతాం అంటూ ఇరవై ఏళ్లకు పైగా సిప్సన్, హార్మండ్స్‌వర్త్ అనే ఊళ్లను ఊగిసలాటలో పెట్టారు. 2009లో ఒప్పుకున్నారు, 2010లో కొత్త ప్రభుత్వం వద్దంది, 2018లో పార్లమెంటు సరే అంది, 2020లో ఒక కోర్టు కొట్టేస్తే అదే ఏడాది పై కోర్టు నిలబెట్టింది. ఇల్లు బాగు చేయించుకోవాలా, అమ్మాలా, పిల్లలకు ఇక్కడే బడి చూడాలా తెలియకుండా ఒక తరం గడిచిపోయింది. వద్దు అని గట్టిగా చెప్పినా మనిషి తట్టుకుంటాడు, ఈ టెన్షన్ తట్టుకోలేడు. మామునూరు చుట్టుపక్కల వాళ్లకు ఇది నేను వివరించక్కర్లేదు, విమానాశ్రయం వస్తుంది అనే మాట వింటూ పెద్దవాళ్లయినవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

ఈలోగా హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీలు చూడండి, "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు" అని ప్లాట్లు అమ్ముతున్నారు. కొనేవాళ్లలో ఎంతమందికి ఎత్తు నిబంధన తెలుసు? విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా కట్టడాల ఎత్తు మీద పరిమితులు ఉంటాయి, ఎక్కడ ఎంత అనేదాన్ని బట్టి అనుమతి తీసుకోవాలి. ఇంకొకటి, విమాన నియమాల్లో 91వది, విమానాశ్రయం నుంచి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయడం, చెత్త పారబోయడం కుదరదంటుంది, పక్షులు చేరి విమానాలకు తగులుతాయి కాబట్టి. మామునూరు నుంచి 10 కిలోమీటర్లంటే కోట, వరంగల్ బజారు అన్నీ ఆ గీత లోపలే. ఆదివారం రోడ్డు పక్కన మేకను కోసి అమ్ముకునే వాడిని ఇప్పుడే పిలిచి, నీకు షెడ్డు ఎక్కడిస్తామో ఇదిగో అని చెప్పాలి. విమానం ఎగిరే ముందు రోజు కేసు పెట్టి బండి ఎత్తుకుపోతే అది అన్యాయం. వీళ్ల గురించి ఒక్క నాయకుడు మాట్లాడగా నేను వినలేదు.

సరే, అక్కడి వాళ్లు చేయాల్సిన పని చెబుతాను. పర్యావరణ అనుమతి కోసం బహిరంగ విచారణ పెడితే కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ మీ పక్షాన ఉంది. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, పర్యావరణం మీద ప్రభావం గురించిన నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చోవాలి, అంతా వీడియో తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, జనం చెప్పిందంతా రాసి, లేచేముందు తెలుగులో చదివి వినిపించాలి. మా చిన్నమ్మ ఊళ్లో ఎవరైనా ఆ ఒక్కటి అడిగి ఉంటే బర్ల ప్రశ్న బతికేది. కాబట్టి చాయ్ దగ్గరికి పోకండి, చదివేదాకా కూర్చోండి. మీ ప్రశ్న అందులో వినపడకపోతే అక్కడికక్కడే లేచి రాయించండి. రేటు గురించి ఒకరు మాట్లాడితే చాలు. మిగతావాళ్లు బాట, చెరువు కాలువ, శ్మశానం దారి, బడి, వానకాలం నీళ్లు ఎటు పోతాయి, ఇవి ఒక్కొక్కరు ఒక్కొక్కటి పంచుకుని అడగండి, అడిగింది రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. సారు బదిలీ అయిపోతాడు, రసీదు మీ దగ్గర ఉంటుంది.

భూసేకరణ ఏ దారిలో చేస్తున్నారో కూడా మొదటి రోజే అడగండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావం అంచనా వేయాలి, ఊళ్లో విచారణ జరపాలి. కానీ మన రాష్ట్రం తర్వాత సవరణలు తెచ్చి, రైతులతో నేరుగా ఒప్పందం చేసుకునే దారి కూడా పెట్టింది. ఒప్పందం మీద సంతకం పెట్టాక బాట గురించి అడిగితే వినే ఓపిక ఎవరికీ ఉండదు, కాబట్టి బాట కూడా ఆ ఒప్పందంలోనే ఉండాలి, ఏ నెలకల్లా వేస్తారో తేదీతో సహా.

ఇక కౌలుదార్లు, కూలీలు. మీకు భూమి లేదు కాబట్టి మీకేం సంబంధం అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ 2013 చట్టం ప్రభావిత కుటుంబాల్లో మిమ్మల్ని కూడా లెక్కపెట్టింది, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ మీ ప్రధాన బతుకుదెరువు దాని మీదే ఉంటే చాలు. మన దగ్గర కౌలంతా నోటిమాట మీదే నడుస్తుంది, పట్టాదారు కాగితం రాసివ్వడు. అందుకని ఎరువుల దుకాణం రసీదులు, పత్తి అమ్మిన చిట్టీలు, పక్క చేలవాళ్ల సాక్ష్యం, ఏది దొరికితే అది ఇప్పటి నుంచే ఒక సంచిలో పెట్టుకోండి. సర్వేకు వచ్చినవాళ్లు మీ పేరు రాసుకోకపోతే తహసీల్దారుకు అర్జీ పెట్టండి. అర్జీ రాయడం రాకపోతే ఇక్కడే కామెంట్‌లో అడగండి, నేను రాసిస్తాను.