సేల్‌లో కొన్న సోఫా రెండు నెలలకే కుంగింది, చేతిలో ‘ఎస్టిమేట్’ చీటీ తప్ప బిల్లు లేదు, కేసు నిలబడుతుందా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది అనంతపురం, సాయినగర్‌లో అద్దెకుంటాం, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇల్లు మారినాక హాలు, వంటిల్లు కొంచెం స్టైల్‌గా పెట్టుకుందామని 45 వేలు పక్కన పెట్టుకున్నాం. ఊర్లోనే ఒక ఫర్నిచర్ షాపులో ఆషాఢం సేల్ బోర్డు చూసి 3+1+1 సోఫా 28,500కి తీసుకున్నాం. కొనకముందు వాళ్లు వాట్సాప్‌లో ఫొటో పెట్టి కింద ‘ఫుల్ టేక్ ఫ్రేమ్, 40 డెన్సిటీ ఫోమ్, 5 ఇయర్స్ వారంటీ’ అని పంపినారు. 20 వేలు ఫోన్‌పే (ఓనరు కొడుకు నంబరుకి), 8,500 క్యాష్ ఇచ్చినాం. బిల్లు అడిగితే జీఎస్టీ బిల్లయితే 18 శాతం ఎక్స్‌ట్రా మేడమ్ అన్నారు, సరేలే అని ఊరుకున్నాం. ‘ఎస్టిమేట్’ అని ఉన్న చీటీ మీద సోఫా సెట్ 1, 28,500 అని రాసిచ్చినారు, కింద ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని స్టాంపు. రెండు నెలలకే మధ్య సీటు కుంగిపోయింది. రిపేరు అతను అడుగు గుడ్డ విప్పి చూపిస్తే లోపల అంతా ప్యాకింగ్ పెట్టెల చెక్క. షాపుకు పోతే ‘28 వేలకు టేకు యాడ వస్తాది మేడమ్’ అని నవ్వినారు. ఇది కాక ఆన్‌లైన్‌లో 1,799కి కుక్కర్, కడాయి, పెనం కాంబో తెప్పించినాం, కుక్కర్ మీద ఐఎస్ఐ గుర్తు లేదు, రిటర్న్ టైమ్ అయిపోయిందంటున్నారు. 6,400 పెట్టి కర్టెన్లు కుట్టించినాం, ఇంట్లో కట్టినాక రంగు వేరేగా ఉంది. మూడింటి మీదా కేసు వేయొచ్చా? మా బావ 420 కేసు పెట్టమంటున్నాడు. మా చెల్లెలేమో ఇకమీదట బెంగళూరులో కొనండి అంటోంది, అక్కడ కొంటే గొడవొచ్చినప్పుడు అక్కడికే తిరగాలా?

జవాబు: ముందు తేల్చి చెప్పేస్తానమ్మా, సోఫా మీద కేసు నిలబడుతుంది, కుక్కర్ విషయం కేసు దాకా పోకుండానే తేలొచ్చు, కర్టెన్లు మాత్రం వదిలేసుకోండి.

రేటు తగ్గించి అమ్మితే చట్టం కూడా డిస్కౌంట్‌లో వస్తుందని మన షాపుల వాళ్లకి ఒక నమ్మకం. అట్లేం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 (2020 జులై 20 నుంచి అమల్లో ఉంది) ఫుల్ రేటుకి కొన్నవాడికీ సేల్‌లో కొన్నవాడికీ తేడా చూపించదు. సేల్‌లో పెట్టినప్పుడు ‘దీనికి ఇక్కడ గీత ఉంది, ఈ కాలు అతికించినాం, అందుకే తక్కువ’ అని మీకు చెప్పి అమ్మి ఉంటే ఆ గీత గురించి, ఆ కాలు గురించి మీరు తర్వాత అడగలేరు, అది న్యాయం కూడా కాదు. మీకు అట్లా ఏం చెప్పలేదు, పైగా టేకు అని రాసి పంపినారు.

ఇక ఆ ‘వాపసు తీసుకోబడదు’ స్టాంపు. అది చూసి సగం మంది ఇంటికి వెళ్లిపోతారు, షాపు వాళ్లకి కావాల్సిందీ అదే. మీకు రంగు నచ్చలేదు, మనసు మారింది అంటే వెనక్కి తీసుకోమని షాపువాణ్ని ఏ చట్టమూ బలవంతం చేయదు, అక్కడిదాకా ఆ స్టాంపు పనిచేస్తుంది. సరుకులో లోపం ఉంటే మాత్రం పనిచేయదు. లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపల, గడువేం రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం ఈ చట్టం ప్రకారం అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీసు, అంటే అక్రమ వ్యాపార పద్ధతి. ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది, ఈ 30 రోజులు దాటితే ఇక అంతే అనుకుంటారు, కాదు, లోపం ఉన్న సరుకు అమ్మినారని ఫిర్యాదు చేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు టైమ్ ఉంది, మీకు గడిచింది నెలలే కాబట్టి నిశ్చింతగా ఉండండి.

బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టంలో విడిగా ఒక అక్రమ పద్ధతి కిందే ఉంది. జీఎస్టీ బిల్లు ఇవ్వడం షాపు బాధ్యత, అది మీకు ఎక్స్‌ట్రా డబ్బుకి అమ్మే ఐటెమ్ కాదు. ఈ ‘ఎస్టిమేట్’ చీటీల మతలబు ఊర్లో అందరికీ తెలిసిందే, అమ్మకం లెక్కల్లో కనపడకూడదు, రేపు మీరొచ్చి అడిగితే ‘అది ఎస్టిమేట్ మేడమ్, మీరు కొన్నట్టు యాడుంది’ అనాలి. మీ అదృష్టం, 20 వేలు ఫోన్‌పేలో పోయింది. కొడుకు పర్సనల్ నంబరుకి పోయినా పర్లేదు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ ఉంటుంది, చీటీ మీద తేదీ ఉంటుంది, డెలివరీ ఆటో అతను ఫోన్ చేసిన టైమ్ కూడా మీ ఫోన్లో ఉంటుంది, మూడూ పక్కపక్కన పెడితే కొన్నది మీరే అమ్మింది వాళ్లే అని ఎవరికైనా అర్థమవుతుంది. క్యాష్ ఇచ్చిన 8,500కి చీటీలో ఉన్న 28,500 అంకే సాక్ష్యం.

‘28 వేలకు టేకు యాడ వస్తాది’ అనే మాట దగ్గర మాత్రం మీరు కొంచెం రెడీ అయి ఉండండి, ఎందుకంటే వాళ్ల లాయరు మొదట వేసే ప్రశ్న అదే, టీచరమ్మ చదువుకున్న మనిషి, ఆ రేటుకి టేకు రాదని తెలియదా అంటాడు. నిజం చెప్పాలంటే నేనైనా ఆ రేటు చూసి అనుమానపడేవాణ్ణే. కానీ తెలియకపోవడం మీ తప్పు కాదు, తెలిసి రాసి పంపడం వాళ్ల తప్పు. ఆ వాట్సాప్ మెసేజే మీ కేసుకి ప్రాణం, ఆ ఒక్క లైనులో చెక్క, ఫోమ్, వారంటీ మూడూ ఉన్నాయి. ఇంకోటి, షాపులో పెట్టిన పీసు చూసి ‘ఇట్లాంటిదే కావాలి’ అని ఆర్డరిచ్చి ఉంటే 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం అది శాంపిల్ చూపించి చేసిన అమ్మకం, ఇంటికొచ్చిన సరుకు ఆ శాంపిల్‌కి సరిపోవాలి, పైకి చూస్తే కనపడని లోపాలు కూడా ఉండకూడదు. సోఫా అడుగు గుడ్డ కింద ఏముందో షోరూమ్‌లో ఎవరు విప్పి చూస్తారు?

అందుకే ఇప్పుడు చేయాల్సిన పని, రిపేరు అతన్ని కొన్నాళ్లు ఆగమనండి. చాలామంది కుంగిందని కొత్త ఫోమ్ వేయించేసుకుని తర్వాత నా దగ్గరికొస్తారు, అప్పుడు చూపించడానికి ఏం మిగలదు. సోఫాని వెలుతురులో తిరగేసి పెట్టి వీడియో తీయండి, మొదట మొత్తం సోఫా, వీడియో ఆపకుండా దగ్గరికి వచ్చి విప్పిన గుడ్డ, చెక్కలు కలిపిన చోట కొట్టిన స్టాప్లర్ పిన్నులు, ప్యాకింగ్ చెక్క అంటున్నారు కాబట్టి దాని మీద పాత అక్షరాలు, బాణం గుర్తులు లాంటివి అచ్చు ఉంటే అవి చదవడానికి వచ్చేంత దగ్గరగా. ఫోమ్ అంచు కూడా తీయండి, రంగురంగుల ముక్కలు అతికించినట్టు కనపడితే అది చిప్ ఫోమ్, దాన్ని 40 డెన్సిటీ అని అమ్మినారంటే మీకు ఇంకో పాయింటు దొరికినట్టే. రిపేరు అతనితో తెల్లకాగితం మీద తాను ఏం చూసినాడో రాయించి సంతకం పెట్టించుకోండి. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి, ఆ ఫోన్ కేసు అయ్యేదాకా మార్చకండి, డిలీట్ కొట్టకండి. తర్వాత ఒకసారి షాపు ముందు నుంచి పోతూ బోర్డు ఫొటో తీయండి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు బోర్డు మీద రాయాలనే రూలుంది, 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు 37 అయితే ఆంధ్రప్రదేశ్. జీఎస్టీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే ఓనరు అసలు పేరు, అడ్రసు ఫ్రీగా వస్తాయి, మనకి కావాల్సింది ఆ పేరే, బోర్డు మీదుండే లక్ష్మీ, శ్రీనివాస కాదు.

ఇవి చేతికొచ్చినాక ఒక నోటీసు. లాయరే పంపాలని లేదు, మీరే రాయండి, ఫలానా తేదీన మీ దగ్గర టేకు అని చెప్పిన సోఫా 28,500కి కొన్నాను, లోపల ఫలానా చెక్క ఉంది, ఫొటోలు జత చేస్తున్నాను, 15 రోజుల్లో డబ్బు వాపసివ్వండి లేదా చెప్పిన సరుకివ్వండి, లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అంతే, తిట్లు వద్దు, స్టేటస్‌లో పెడతా అని బెదిరింపులు వద్దు, రేపు ఆ కాగితం కమిషన్ మెంబర్లు చదువుతారు. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేసినారు కాబట్టి స్పీడ్ పోస్టులో డెలివరీ ప్రూఫ్ అడిగి పంపండి, రసీదు దాచండి. నా అనుభవంలో సగం గొడవలు ఈ నోటీసు దగ్గరే తెగిపోతాయి, సోఫా మార్చిస్తాం మేడమ్ అని ఫోనొస్తుంది. వస్తే ఆ మాట కూడా వాట్సాప్‌లో రాయమనండి.

దారికి రాకపోతే అనంతపురంలోనే జిల్లా కమిషన్ ఉంది. 50 లక్షల లోపు కొన్న వస్తువుల కేసులు అక్కడే, 5 లక్షల లోపు అయితే ఫీజు సున్నా. లాయరు లేకుండా మీరే నిలబడి మాట్లాడుకోవచ్చు. కావాలంటే లాయర్ని ఉచితంగా కూడా అడగొచ్చు, ఆడవాళ్లకి జీతంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది, హెల్ప్‌లైన్ 15100. ఆన్‌లైన్‌లో వేయాలంటే ఇంతకుముందు ఈ-దాఖిల్ అనేవాళ్లు, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి. టెస్టింగ్ అక్కర్లేని కేసు 3 నెలల్లో, చెక్కని ల్యాబ్‌కి పంపాల్సి వస్తే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, వాయిదాలతో ఇంకా పడుతుంది, అది దాచను. అడిగేటప్పుడు 28,500, దాని మీద వడ్డీ, ఖర్చులు, మీరు పడ్డ ఇబ్బందికి ఓ పది పదిహేను వేలు అడగండి. మానసిక క్షోభకి 10 లక్షలు అని రాసుకొస్తారు కొంతమంది, అది చూడగానే మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. ఆర్డరు వచ్చినాక కూడా షాపువాడు కట్టకపోతే నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడే సెక్షనుంది, మామూలుగా ఆ మాట చెవిన పడితే కట్టేస్తారు.

420 సంగతి, మీ బావగారికి చెప్పండి, 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 420 ఇప్పుడు 318లో ఉంది. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే చేసినారని చూపించాలి, స్టేషన్‌కి పోతే ఇది సివిల్ మ్యాటర్ అమ్మా అని పంపించేసే ఛాన్సే ఎక్కువ. నెలలు అక్కడ పోగొట్టుకునే బదులు కమిషన్ మేలు.

కుక్కర్ గురించి, దాన్ని ముందు స్టవ్ మీద పెట్టడం ఆపండి, కేసు కోసం కాదు మీ చేతులు, మొహం కోసం. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ మార్కు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి, అది లేకుండా అమ్మడమే నేరం. మూత మీదో అడుగునో ఐఎస్ఐ గుర్తు, పైన ఐఎస్ 2347 అనే నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి, ఆ లైసెన్సు నంబరు ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమో దొంగో చెప్పేస్తుంది. రిటర్న్ టైమ్ అయిపోయింది అనేది ఇక్కడ జవాబే కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల అథారిటీ ఈ మార్కు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు పెద్దపెద్ద ఆన్‌లైన్ సైట్ల మీదే లక్ష రూపాయల జరిమానా వేసి, కొన్నవాళ్లకి డబ్బు వెనక్కివ్వమంది. మీరు సైట్లో కస్టమర్ కేర్ చాట్ కాకుండా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ వెతికి రాయండి, 48 గంటల్లో ముట్టిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. దానితో పాటు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, వాళ్లిచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, రాసి పెట్టుకోండి.

కర్టెన్లు మీరు గుడ్డ చూసుకుని కొలతలిచ్చి కుట్టించుకున్నారు, గుడ్డ వేరేది అని మీరే అనట్లేదు, షాపు లైట్లలో ఒక రంగు, ఇంట్లో ఎండలో ఒక రంగు. దీంట్లో లోపం లేదు.

బెంగళూరు సంగతి. కొన్నది ఎక్కడైనా మీరు నివాసం ఉండే జిల్లాలో ఫిర్యాదు వేసుకోవచ్చు, ఇది 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు, కాబట్టి అక్కడ కొన్నా కేసు అనంతపురంలోనే, వాళ్లే ఇక్కడికి తిరగాలి. బిల్లు మీద జీఎస్టీ నంబరు 29తో మొదలవుతుంది, చూసుకోండి. కానీ ఏ ఊర్లో కొన్నా బిల్లులో ‘సోఫా 1’, ‘టేబుల్ 1’ అని రాస్తే ఒప్పుకోకండి, ఏ చెక్క, ఏ ఫోమ్, ఎన్నేళ్ల వారంటీ అని రాయమనండి. నేను ఇంత చెప్తున్నా గానీ నాలుగేళ్ల కింద బెంగళూరులోనే ఒక డైనింగ్ టేబుల్ కొన్నాను, రోజ్‌వుడ్ సార్ అన్నాడు, బిల్లులో ‘డైనింగ్ టేబుల్ విత్ 4 చెయిర్స్’ అని రాసినాడు, ఆటోకి లేటవుతోందని నేనూ చూసుకోలేదు. మొదటి వానాకాలానికే ఒక కాలు ఉబ్బి పొర లేచింది, చూస్తే లోపల పొట్టు చెక్క. నోటీసు రాద్దామని కూర్చుని బిల్లు తీసి చూసి మళ్లీ మడిచి పెట్టేసినాను. ఇప్పటికీ ఆ కాలు కింద అట్టముక్క పెట్టుకునే భోంచేస్తున్నాం.