ఔలికీ గుల్‌మర్గ్‌కీ ఒకే జత స్కీలు?

ప్రశ్న: నా ఎత్తు 172 సెం.మీ., బరువు 74 కిలోలు. ఔలిలో స్కీయింగ్ కోర్సు చేశాను. ఇకమీదట గుల్‌మర్గ్‌కు కూడా వెళ్లాలని ఉంది. రెండు చోట్లకూ పనికొచ్చేలా ఒకే జత కొనాలంటే ఎలాంటివి చూడాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు నడుము వెడల్పు చూడండి, అంటే బూటు కింద స్కీ ఎంత వెడల్పుందో. ఔలిలోలా యంత్రంతో చదును చేసిన వాలు మీద 75–85 మి.మీ. హాయిగా ఉంటాయి, ఎడ్జ్, అంటే స్కీ పక్కనుండే లోహపు అంచు, మంచును చప్పున పట్టుకుంటుంది. అవే వేసుకుని గుల్‌మర్గ్‌లో మోకాలిలోతు కొత్త మంచులో దిగితే ముందు కొసలు మునిగిపోతాయి. వాటిని తేల్చాలని వెనక్కి వాలీ వాలీ తొడలు పీకేస్తాయి. పోనీ 110 మి.మీ.వి కొందామంటే, పొద్దున్నే గడ్డకట్టి ఉన్న వాలు మీద అవి ఎడ్జ్ మీదికి ఒరగడానికి ఆలస్యమవుతుంది, మోకాళ్లకు శ్రమ. మీకు 92–96 సరి. ఔలికే ఎక్కువ వెళ్తారనుకుంటే 86–88కి దిగండి.

పొడవు 168–174 సెం.మీ. మధ్య. ముందు భాగం బాగా పైకి లేచిన రాకర్ స్కీలైతే మంచుకు ఆనే ఎడ్జ్ తగ్గుతుంది గనక పొడవైనవే తీసుకోండి. బూటు కింద మాత్రం క్యాంబర్, అంటే విల్లులా పైకి లేచిన వంపు, ఉండి తీరాలి. రెండు స్కీల అడుగులూ ఆనించి పట్టుకుంటే మధ్యలో సందు కనబడాలి. మరీ తేలికైనవి వద్దు, మధ్యాహ్నానికి అందరూ తొక్కి గడ్డలు చేసిన మంచులో అవి ఎగిరెగిరి పడతాయి.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌కు ఉన్న బ్రేకు స్కీ నడుముకన్నా ఇరుకైతే కిందికి దిగదు, 15 మి.మీ. మించి వెడల్పైతే మలుపుల్లో మంచుకు గీసుకుంటుంది. బైండింగ్ ఎంత బలానికి బూటును వదలాలో చెప్పే డిన్ బిగింపు స్నేహితుడి నంబరు చూసి పెట్టుకునేది కాదు. బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, స్కీయింగ్ తీరు అన్నీ చెప్పి మెకానిక్‌తో పెట్టించండి. ఎక్కువైతే పడ్డప్పుడు ఊడక కాలు విరగవచ్చు, తక్కువైతే మలుపులోనే ఊడుతుంది.

అసలు డబ్బు ముందు బూట్లకు పెట్టండి. స్కీలు గుల్‌మర్గ్‌లో అద్దెకు దొరుకుతాయి, రెండు మూడు వెడల్పులు వాడి చూశాకే కొనండి.

ప్రశ్న: వానాకాలంలో ఇంట్లో ఉంచిన స్కీల ఎడ్జ్‌లు తుప్పు పట్టాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: తడి ఆరకుండానే సంచిలో పెట్టి ఉంటారు. పైపై తుప్పయితే గమ్ స్టోన్‌తో, అంటే తుప్పు తీసే రబ్బరులాంటి దిమ్మతో, ఎడ్జ్ పొడవునా రుద్దితే పోతుంది. గుంటలు పడితే సాన పట్టించాలి. తర్వాత అడుగుకూ ఎడ్జ్‌లకూ వ్యాక్స్ మందంగా కరిగించి పూసి, గీకకుండా వదిలేయండి. వ్యాక్స్ పొగ వచ్చిందంటే ఇస్త్రీ పెట్టె వేడి ఎక్కువైనట్టే. రెండు స్కీలనూ బిగించి కట్టొద్దు, క్యాంబర్ అణిగిపోతుంది. రేకుల గదిలో కాదు, లోపలి గదిలో సజ్జ మీద పెట్టండి.