రోగుల్ని చూడకపోతే డాక్టరు కాదా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అమ్మాయి అనంతపురం మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. కరోనా రోజుల్లో బ్రిటన్ ప్రధాని పక్కన నిలబడి మాట్లాడిన వైద్య సలహాదారును టీవీలో చూసింది. అలాంటి పదవికే వెళ్తానంటూ పీజీలో కమ్యూనిటీ మెడిసిన్ (ఒక్కో రోగిని కాక, జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే విభాగం) అంటోంది. సీటు వృథా, రేడియాలజీ చెయ్యమన్నాం. లేదంటే చేను తాకట్టు పెట్టి లండన్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) చదివించాలా?

జవాబు: ఈ ప్రశ్న వెనకున్న భయం నాకు పాతదే. బోర్డు పెట్టి నాడి చూడని బిడ్డను ఊరు డాక్టరంటుందా అని. అంటుంది, దిగులు పడకండి. అమ్మాయి చూసిన క్రిస్ విటీ 2019 నుంచి ఇంగ్లండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్. ఆ పదవిలో ఉంటూనే వార్డుల్లో రోగుల్నీ చూశారు. జబ్బు గురించి తెలిసిందేదో, ఇంకా తేలనిదేదో మంత్రులకు మొహమాటం లేకుండా చెప్పడం ఆయన పని. నిర్ణయం మంత్రులది. మనకు దానికి దగ్గరి పదవి ఢిల్లీలో డైరెక్టర్ జనరల్ ఆఫ్ హెల్త్ సర్వీసెస్. జిల్లాలో కలెక్టరుకు ఆ మాట చెప్పేది జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, డీఎంహెచ్‌వో.

అక్కడికి తిన్నగా చేర్చే కోర్సు ఏదీ లేదు. లండన్ ఎంపీహెచ్ మీద నా అనుమానమూ అదే. చదువు మంచిదే, కానీ అది ఎండీకి సాటి రాదు. అక్కడ డాక్టరుగా చెయ్యాలంటే రిజిస్ట్రేషన్ వేరే తెచ్చుకోవాలి, ఈ డిగ్రీ దాన్ని ఇవ్వదు. అప్పు చేసి వెళ్లి, తిరిగొచ్చి డ్యూటీ డాక్టర్లుగా చేరిన పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. ఎంపీహెచ్చే కావాలంటే చెన్నైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీలో ఉంది.

ఒక మాట కటువుగానే అంటాను. ఇక్కడ చదువుతానంటే సీటు వృథా అన్నదీ మీరే, అదే దారికి లండన్ పేరు తగిలితే చేను తాకట్టుకు సిద్ధపడిందీ మీరే. మీకు బిడ్డ ఇష్టం ముఖ్యమా, బంధువుల నోరా?

మన జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారకడతాయి, ఇంకా ముదిరితే నడుములు వంగుతాయి. వంగిన నడుమును ఎక్స్‌రే చూపిస్తుంది, నిలబెట్టలేదు. ముందుగా నీళ్లు మార్చాలని ప్రభుత్వాన్ని ఒప్పించే డాక్టరు కావాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ పనినే.

రేడియాలజీలో డబ్బుంది, కాదనను. కానీ ఇష్టం లేని చీకటి గదిలో ముప్పై ఏళ్లు కూర్చోవలసింది ఆ పిల్ల. ముందు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా రెండు మూడేళ్లు చెయ్యనివ్వండి, ఆ తర్వాత ఎండీ. ఈలోగా ఆమెకు కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ పడిన రోజుల్లో ఒక పూట వెంట వెళ్లి, ఏం చేస్తోందో చూసిరండి.