రెక్క సైజు, తోక బరువు

ప్రశ్న: రెండు సీట్ల అల్ట్రాలైట్ విమానానికి రెక్క వైశాల్యం ఎలా తేలుస్తారు? బరువు దగ్గర అంత పిసినారితనం ఎందుకు?

జవాబు: రెక్క సైజును తేల్చేది టాప్ స్పీడు కాదు, స్టాల్ స్పీడు (ఇంతకన్నా నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేని వేగం). యూరప్ పాత నిబంధనలో పారాచూట్‌తో కలిపి గరిష్ఠ బరువు 472.5 కిలోలు, స్టాల్ గంటకు 65 కి.మీ. దాటకూడదు. మంచి ఫ్లాప్స్‌తో (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలతో) లిఫ్ట్ కోఎఫిషియెంట్ (రెక్క ఎంత బాగా ఎత్తగలదో చెప్పే అంకె) 2 వస్తే సముద్రమట్టం దగ్గర లెక్కకు 11.6 చ.మీ. రెక్క సరిపోతుంది. 1.5 దగ్గరే ఆగితే 15.5 కావాలి. 2018 నాటి యూరప్ చట్టం సభ్యదేశాలకు 600 కిలోలు, 83 కి.మీ. దాకా వెసులుబాటు ఇచ్చింది. తమాషా ఏమిటంటే, బరువు పెరిగినా, స్టాల్ వేగం పరిమితి కూడా పెరిగింది కాబట్టి, అదే 2 కోఎఫిషియెంట్‌తో దీనికి 9 చ.మీ. చాలు!

పాత పరిమితిలో ఇద్దరికి 160, నలభై లీటర్ల పెట్రోలుకు 29 తీసేస్తే ఖాళీ విమానానికి మిగిలేది 283 కిలోలే. అందులో 80 హార్స్‌పవర్ రోటాక్స్ 912 ఇంజను ఒక్కటే దాదాపు 60 మింగేస్తుంది.

అసలు ముంచేది తోక. గరిమనాభికి 3 మీటర్ల వెనక కిలో పెరిగితే, మీటరు ముందు 3 కిలోలు కట్టాలి. మొత్తం 4 పెరిగినట్టే. కట్టకపోతే గరిమనాభి వెనక్కి జరిగి, గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్పిన్‌లో పడ్డ విమానం తేరుకోవడం కష్టం. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే, తోకలోని కదిలే పలక) వెనక అంచున పుట్టీ, పెయింటు మందంగా పూస్తే మాస్ బ్యాలెన్స్ (కీలుకు ముందూ వెనకా బరువుల సమతూకం) చెడి ఫ్లట్టర్ (గాలిలో ఆ పలక తనంతట తాను విపరీతంగా కొట్టుకోవడం) రావచ్చు. అందుకే పెయింటు వేశాక మళ్లీ తూచాలి.