సందేహాలు – సమాధానాలు: హిఫ్ ‘ప్రేరక’మా, ‘ప్రేరిత’మా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం నోబెల్ పొందిన విలియం కేలిన్ పరిశోధన గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అందులోని మూడు వాక్యాలు ఇవి: ‘హైపాక్సియా ప్రేరక కారకం వీహెచ్‌ఎల్ ద్వారా నాశనం చేయబడుతుంది. వీహెచ్‌ఎల్ జన్యువు వల్ల స్పష్టకణ మూత్రపిండ క్యాన్సర్ కలుగుతుంది. నిరోధకాల ద్వారా తీవ్ర మూత్రపిండ వ్యాధిలో రక్తహీనత నివారించబడుతుంది.’ వీటిలో దోషాలుంటే చెప్పండి. సెల్ సిగ్నలింగ్‌ను ‘కణ సంకేతీకరణ’ అనాలా, ‘కణ సంకేతనం’ అనాలా? ‘మూత్రపిండం’ ఉండగా ‘కిడ్నీ’ అనడం తప్పా?

సమాధానం: పారిభాషిక పదాల సంగతి తర్వాత చూద్దాం. మీ వాక్యాల్లో అసలు చిక్కు విభక్తి ప్రత్యయాలతోనూ, పదాల చివరి తోకలతోనూ వచ్చింది. అవి కాస్త అటూ ఇటూ అయితే తెలుగు చెడటంతో ఆగదు, శాస్త్రమే తలకిందులవుతుంది.

‘ప్రేరక’తో మొదలుపెడదాం. సంస్కృతంలో ‘అక’ చేరిన పదం పని చేసేవాణ్ణి చెబుతుంది, ‘ఇత’ చేరినది ఆ పనికి లోనైనవాణ్ణి చెబుతుంది. పీడకుడు వేరు, పీడితుడు వేరు. పాలకుడు వేరు, పాలితుడు వేరు. హైపాక్సియా అంటే కణజాలానికి ఆక్సిజన్ చాలకపోవడం. ‘హైపాక్సియా ప్రేరక కారకం’ అంటే ఆ కొరతను తెచ్చిపెట్టేది అని అర్థం వస్తుంది. నిజానికి కొరత వచ్చినప్పుడు రంగంలోకి దిగే ప్రోటీన్ ఇది. హైపాక్సియా చేత ప్రేరితం కాబట్టి, తృతీయా తత్పురుషంగా, ‘హైపాక్సియా ప్రేరిత కారకం’ అనండి. ఇంగ్లీషు పేరుకు (హైపాక్సియా ఇండ్యూసిబుల్ ఫ్యాక్టర్) అక్షరాలా సరిపోవాలంటే ‘ప్రేరణీయ’ అనాలి గానీ, అంత పట్టుదల అక్కర్లేదు. ఎందుకంటే ఇంగ్లీషు పేరే పూర్తిగా సరైనది కాదు. ఈ ప్రోటీన్‌లోని ఆల్ఫా భాగాన్ని కణం ఆక్సిజన్ ఉన్నా లేకున్నా తయారుచేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉంటే అది కొద్ది నిమిషాల్లోనే నాశనమైపోతుంది, లేకపోతే నిలుస్తుంది. కొరత దాన్ని పుట్టించడం లేదు, బతకనిస్తోంది. ఒకసారి పూర్తి పేరు రాసి, ఆ తర్వాత ‘హిఫ్’ అనుకుంటూ పోవచ్చు.

‘కారకం’ విషయంలోనూ కొంచెం జాగ్రత్త పడాలి. వ్యాకరణం చదివినవాళ్లకు కారకమంటే నామానికి క్రియతో ఉండే సంబంధం. పత్రిక చదివేవాళ్లకు ‘క్యాన్సర్ కారకం’ అంటే పొగాకు లాంటిది. ‘వృద్ధి కారకం’ స్థిరపడిన మాటే కనుక హిఫ్ పేరులో ఉండనివ్వచ్చు. ఇక ‘క్యాన్సర్ కారకం’ అనే మాటను క్యాన్సర్ తెచ్చేవాటికే వదిలెయ్యండి.

ఇప్పుడు ‘వీహెచ్‌ఎల్ ద్వారా నాశనం చేయబడుతుంది’. వీహెచ్‌ఎల్ అన్నది ఫాన్ హిప్పెల్–లిండావ్‌కు పొట్టిరూపం, ఒక వ్యాధికీ దానికి సంబంధించిన జన్యువుకూ ప్రోటీన్‌కూ అదే పేరు. ‘బడు’ ప్రయోగం వ్యాకరణదోషం కాదు. మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరూ అలా అనరు. అయినా నా అభ్యంతరం అందం గురించి కాదు. ఈ కథలో పని చేసేవాళ్లు ముగ్గురున్నారు, కర్మణి వాక్యం ఇద్దరిని మింగేసింది. జరిగేదేమిటంటే, కణంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము హిఫ్ ఆల్ఫాలోని రెండు ప్రోలీన్ అమైనో ఆమ్లాల మీద హైడ్రాక్సిల్ గుర్తు పెడుతుంది. హిఫ్-1 ఆల్ఫాలో ఆ ప్రోలీన్లు 402, 564 స్థానాల్లో ఉంటాయి. ఆ గుర్తు ఉంటేనే వీహెచ్‌ఎల్ ప్రోటీన్ హిఫ్‌ను పట్టుకుంటుంది. మరికొన్ని ప్రోటీన్లతో కలిసి దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలిస్తుంది. యుబిక్విటిన్ తగిలినదాన్ని ప్రోటియజోమ్ (కణంలో ప్రోటీన్లను తెగ్గొట్టే యంత్రం లాంటిది) ముక్కలు చేస్తుంది. అంటే వీహెచ్‌ఎల్ హిఫ్‌ను పట్టిస్తుందే గానీ స్వయంగా చంపదు. ఒక్క వాక్యంలోనే చెప్పాలంటే ‘ఆక్సిజన్ ఉన్నప్పుడు వీహెచ్‌ఎల్ ప్రోటీన్ హిఫ్‌ను గుర్తుపట్టి ప్రోటియజోమ్‌కు అప్పగిస్తుంది’ అనండి. కర్త, కర్మ, షరతు మూడూ అందులోకి వచ్చేస్తాయి.

ఆ షరతు లేకుండా రాయకూడదు. కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్ బృందాలు 2001లో విడివిడిగా బయటపెట్టింది ఆ హైడ్రాక్సిల్ గుర్తునే. గ్రెగ్ సెమెంజాతో కలిపి ముగ్గురికీ 2019లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది, కణాలు ఆక్సిజన్ హెచ్చుతగ్గులను ఎలా పసిగట్టి సర్దుకుంటాయో తేల్చినందుకు. ‘కేలిన్ వీహెచ్‌ఎల్ జన్యువును కనుగొన్నారు’ అని మాత్రం రాయకండి. ఆ జన్యువును 1993లో వేరే బృందం గుర్తించింది. అది ఏం చేస్తుందో విప్పిచెప్పిన పనిలో కేలిన్‌కు పెద్ద వాటా ఉంది. తెలుగులో గౌరవ బహువచనం, మామూలు బహువచనం ఒకేలా ఉంటాయి కాబట్టి ‘కనుగొన్నారు’ దగ్గర ఎవరు, ఏమిటి అన్నది ప్రతిసారీ విడమర్చి రాయాలి.

మీ రెండో వాక్యమే అన్నిటికన్నా ప్రమాదం. ‘వల్ల’ పంచమీ విభక్తి, హేతువును చెబుతుంది. ‘దోమల వల్ల మలేరియా’ అంటే దోమలు ఉండటమే హేతువు. ‘వీహెచ్‌ఎల్ జన్యువు వల్ల క్యాన్సర్’ అని చదివిన విద్యార్థి, ఆ జన్యువు లేనివాడు అదృష్టవంతుడనుకుంటాడు. వాస్తవం దీనికి పూర్తిగా ఎదురు. ఆ జన్యువు మనందరిలోనూ రెండేసి ప్రతులుగా ఉంది, కణితి లేవకుండా కాపలా కాస్తోంది. రెండు ప్రతులూ పాడైన కణంలో హిఫ్‌ను పట్టుకునేవాళ్లుండరు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా హిఫ్ పోగుపడి, కొరత కాలంలో చేయాల్సిన పనులన్నీ మొదలుపెడుతుంది. కొత్త రక్తనాళాలను పిలిచే వీఈజీఎఫ్‌ను తయారుచేయిస్తుంది. వీహెచ్‌ఎల్ పోయిన కిడ్నీ కణితుల్లో రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉండటానికి ఇదే కారణం. ఫాన్ హిప్పెల్–లిండావ్ వ్యాధి వంశపారంపర్యంగా వచ్చే కుటుంబాల్లో ఒక ప్రతి పుట్టుకతోనే పాడై ఉంటుంది, రెండోది తర్వాత ఏదో ఒక కణంలో పోతుంది. కుటుంబంలో ఈ వ్యాధి లేనివారికి వచ్చే ఇదే రకం కిడ్నీ క్యాన్సర్లలోనూ ఎక్కువ భాగం వీహెచ్‌ఎల్ పనిచేయనివే. కాబట్టి ‘వీహెచ్‌ఎల్ జన్యువు దెబ్బతినడం వల్ల’ అనండి. ఆ ఒక్క ‘దెబ్బతినడం’ లేకపోతే కాపలావాడే దొంగ అయిపోతాడు.

పొరపాటుకు సగం కారణం జన్యువు పేరే. ఫాన్ హిప్పెల్ జర్మనీ నేత్రవైద్యుడు, లిండావ్ స్వీడన్ రోగనిర్ధారణ శాస్త్రవేత్త. ఇద్దరూ ముందు వ్యాధికి, ఆ దారిలో జన్యువుకూ పేరైపోయారు. ఇంగ్లీషులో మనుషుల జన్యువు పేరును వాలు అక్షరాల్లోనూ ప్రోటీన్ పేరును నిలువు అక్షరాల్లోనూ వేసి తేడా చూపిస్తారు. తెలుగు అచ్చులో ఆ ఆనవాయితీ లేదు. అందుకని ‘వీహెచ్‌ఎల్ జన్యువు’, ‘వీహెచ్‌ఎల్ ప్రోటీన్’, ‘వీహెచ్‌ఎల్ వ్యాధి’ అని ప్రతిచోటా తోక తగిలించక తప్పదు. విసుగనిపించినా పర్వాలేదు.

‘స్పష్టకణ’ దగ్గర మాత్రం నవ్వొచ్చింది, ఏమనుకోకండి. క్లియర్ అనగానే స్పష్టం అనేశారు. ఈ కణాల నిండా కొవ్వు, గ్లైకోజెన్ ఉంటాయి. స్లైడు తయారుచేసేటప్పుడు వాడే ద్రావకాల్లో అవి కరిగిపోయి, రంగు పట్టడానికి ఏమీ మిగలక, మైక్రోస్కోపులో కణం లోపల తెల్లగా ఖాళీగా కనిపిస్తుంది. స్పష్టతకు ఇక్కడ పనిలేదు. నీళ్లు తేటగా ఉన్నాయి అంటామే, ఆ ‘తేట’ దీనికి దగ్గర. ‘తేటకణ క్యాన్సర్’ అని నేనైతే నిక్షేపంగా రాస్తాను. రిపోర్టులో మాత్రం రోగికి కనబడేది ‘క్లియర్ సెల్’ కాబట్టి, మొదటిసారి ఆ మాట కూడా పక్కన వేయండి.

మూడో వాక్యంలో ‘నిరోధకం’ ఉంది. ఈ పదం చేత మనం చాలా చాకిరీ చేయిస్తున్నాం. రోగనిరోధక శక్తిలో అది మనల్ని కాపాడేది. ఔషధ నిరోధకతలో మందును లెక్కచేయని క్రిమి గుణం. భౌతికశాస్త్రంలో విద్యుత్తుకు అడ్డు. ఇక్కడేమో ఎంజైమును ఆపే మందు. కాబట్టి ‘దేన్ని’ అన్నది చెప్పకుండా ‘నిరోధకం’ అని ఎక్కడా వదిలెయ్యకూడదు. ఈ పరిశోధన నుంచి రెండు రకాల మందులు వచ్చాయి, రెండూ నిరోధకాలే, పనిచేసేది మాత్రం ఎదురెదురు దిక్కుల్లో. బెల్జుటిఫాన్ హిఫ్‌లలో ఒక రకమైన హిఫ్-2 ఆల్ఫాను ఆపుతుంది. అమెరికాలో 2021లో వీహెచ్‌ఎల్ వ్యాధి కణితులకు, 2023లో ముదిరిన కిడ్నీ క్యాన్సరుకు అనుమతి పొందింది. రెండో రకం మందులు హిఫ్‌ను ఆపవు. హిఫ్ మీద గుర్తు పెట్టే ఎంజైమును ఆపుతాయి. గుర్తు పడదు, హిఫ్ మిగులుతుంది, ఎర్రకణాలు చేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ పెరుగుతుంది, ఎముక మజ్జ ఎర్రకణాలను ఎక్కువ చేస్తుంది. వీటి పేర్లు ‘డుస్టాట్’తో ముగుస్తాయి: రాక్సాడుస్టాట్, డాప్రోడుస్టాట్, మన దేశంలో 2022లో అనుమతి వచ్చిన డెసిడుస్టాట్. మొదటి రకం మందుకు తరచుగా కనిపించే దుష్ఫలితం రక్తహీనత, రెండో రకాన్ని ఇచ్చేదే రక్తహీనతకు. రెంటినీ ‘హిఫ్ నిరోధకాలు’ అని ఒకే గాటన కడితే పాఠం అర్థం కాదు సరికదా, విద్యార్థి తప్పు నేర్చుకుంటాడు. మొదటిదాన్ని ‘హిఫ్-2ను ఆపే మందు’ అనీ, రెండోదాన్ని ‘హిఫ్‌ను నిలబెట్టే మందు’ అనీ రాయండి.

‘నివారించబడుతుంది’ కూడా మార్చాలి. నివారణ అంటే రాకుండా చూడటం. ఈ మాత్రలు వచ్చిన రక్తహీనతను తగ్గిస్తాయి, హెమోగ్లోబిన్‌ను పెంచుతాయి. కిడ్నీ జబ్బును అవి నయం చేయవన్న మాట కూడా పక్కనే ఉండాలి. జబ్బుపడిన కిడ్నీ ఎరిత్రోపోయిటిన్‌ను చాలినంత చేయలేకపోవడం వల్ల వచ్చే రక్తహీనత వరకే వాటి పని. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మీ వ్యాసం చదివే ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లుండొచ్చు. ‘కిడ్నీ వ్యాధికి మాత్ర’ అన్న శీర్షిక వాళ్లకు లేనిపోని ఆశ పెడుతుంది.

‘తీవ్ర’ సంగతి చూడండి. అక్యూట్‌కీ, సివియర్‌కీ మనం ఈ ఒక్క మాటే వాడేస్తున్నాం. కిడ్నీల దగ్గర ఇది కుదరదు. కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ రక్తంలో రెండు రోజుల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా అది హఠాత్తుగా తగిలిన దెబ్బ కిందికి వస్తుంది, చాలామందిలో కోలుకునే వీలుంటుంది. లోపం 3 నెలలు దాటి కొనసాగితే అది దీర్ఘకాలిక వ్యాధి. దానిలోనూ తేలికది ఉంటుంది, వడపోత నిమిషానికి 15 మిల్లీలీటర్ల కంటే తగ్గిన అయిదో దశా ఉంటుంది. మీరు చెప్పేది దీర్ఘకాలిక వ్యాధి గురించి, అదే రాయండి. ముదిరింది అని చెప్పాలంటే ‘ముదిరిన’ అనే చక్కటి తెలుగు మాట ఉంది. అక్యూట్‌కు ‘హఠాత్’ నప్పుతుంది.

ఇక మీరు అడిగిన పదాలు. ‘సంకేతీకరణ’ వద్దు, అది సంకేతాలుగా మార్చడం, అంటే కోడింగ్. ‘జన్యు సంకేతం’ అన్న మాట కూడా వాడుకలో ఉంది కనుక విద్యార్థి అటు జారిపోతాడు. ‘కణ సంకేతనం’ సరైనదే, ‘సెల్ సిగ్నలింగ్’ అన్నా నాకు అభ్యంతరం లేదు. కొందరు ముచ్చటపడి ‘కణాల సంభాషణ’ అంటారు, అది ఇక్కడ సగమే సరిపోతుంది. కిడ్నీ విడుదల చేసిన ఎరిత్రోపోయిటిన్ మజ్జకు చేరడం ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లిన కబురు. హిఫ్, వీహెచ్‌ఎల్‌ల వ్యవహారమంతా ఒకే కణం లోపలిది, సంభాషణకు అవతల మనిషి లేడు.

‘కిడ్నీ’ తప్పెందుకవుతుంది? ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ ఆ మాటే వాడుతున్నాం. ‘కిడ్నీ వ్యాధి’ లాంటి కలగాపులగం సమాసాలను పాత లాక్షణికులు ఒప్పుకోకపోవచ్చు, వాడుక ఎప్పుడో ఒప్పేసుకుంది. ‘మూత్రపిండ వ్యాధి’ కూడా బాగుంటుంది. ఒకే పేరాలో రెండూ కలిపి వాడకుండా చూసుకుంటే చాలు, లేకపోతే అవి రెండు వేర్వేరు అవయవాలా అని అడిగే పిల్లలుంటారు.

మీరు అడగకపోయినా ఒకటి. క్యాన్సర్, కేన్సర్ రెండూ అచ్చులో కనిపిస్తున్నాయి. ఇంగ్లీషు మాటలోని ఆ అచ్చు ధ్వనికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి రెండూ దగ్గరి ప్రయత్నాలే, ఒకటి ఎంచుకుని వ్యాసమంతా అదే వాడండి. విభక్తి చేర్చేటప్పుడు పొల్లు తర్వాత కనబడని విభజన అక్షరం టైపు చేయకపోతే ‘ర్‌ను’ కాస్తా ‘ర్ను’ అయి ‘క్యాన్సర్ను’ అని అతుక్కుపోతుంది. ఆ అక్షరం మీ కీబోర్డులో దొరకకపోతే ‘క్యాన్సరును, క్యాన్సరుకు’ అని చివర ఉకారం చేర్చి అజంతం చేసి రాసుకోండి. తెలుగు మాటకు ఆ ఉకారం కొత్తేమీ కాదు.