లక్ష రూపాయల ట్యాబ్లెట్ ఉంటేనే డిజైన్ సీటు వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి రెండో సంవత్సరం పీయూసీ (మన ఇంటర్ లాంటిది) చదువుతోంది. డిజైన్ డిగ్రీ బీడెస్‌లో చేరాలని ఆమె కోరిక. ప్రవేశ పరీక్షల సాధనకు ఐప్యాడ్ ప్రో కావాలంటోంది. కోచింగ్‌లో తోటి పిల్లల దగ్గర ఉందట. దాని తెర మీద గీసే ఎలక్ట్రానిక్ పెన్సిల్‌తో కలిపితే లక్ష దాటుతోంది. ముప్పై అయిదు వేల మామూలు ఐప్యాడ్ సరిపోదా? కొనకపోతే వెనకబడుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం సంగతి చూద్దాం. ఐఐటీ బాంబే నిర్వహించే బీడెస్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది కంప్యూటర్ మీద రాస్తారు. బొమ్మ గీయాల్సిన రెండో భాగానికి మాత్రం కాగితమూ పెన్సిలే. ఫ్యాషన్ డిజైన్ కోర్సులుండే నిఫ్ట్ ప్రవేశానికి పెట్టే సృజన సామర్థ్య పరీక్ష కూడా కాగితం మీదే. అంటే మీరు లక్ష పెట్టి కొనే వస్తువుకు పరీక్ష హాల్లోకి ప్రవేశమే లేదు.

అంతేకాదు, ఈ దశలో అది కొంత చెరుపు కూడా చేస్తుంది. ప్రోక్రియేట్ లాంటి బొమ్మలు గీసే యాప్‌లో గీత తప్పితే రెండు వేళ్లతో తెరను తాకితే చాలు, తప్పు మాయమవుతుంది. ఏడాదిపాటు దానికి అలవాటుపడిన చెయ్యి తెల్లకాగితం ముందు మొదటి గీతకే జంకుతుంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఇది తరచుగా చూస్తున్నాను. తెర మీద చేసిన పని చూపిస్తే ముచ్చటేస్తుంది. అదే పిల్లకు ఒక కాగితమిచ్చి బస్టాపులో నిలబడ్డ నలుగురిని గీయమంటే పావుగంట రబ్బరుతోనే గడుస్తుంది. మీ ఇంటి దగ్గర వంతెన కింద సాయంత్రం బస్సుల కోసం నిలబడే జనం కంటే మంచి నమూనాలు ఏ ట్యాబ్లెట్‌లోనూ దొరకవు. ఒక దస్తా డ్రాయింగ్ కాగితాలు, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు కొనిచ్చి రోజూ గంట గీయమనండి. పరీక్షలయ్యే వరకు ఇది చాలు.

సీటు వచ్చాక తెర మీద గీయడం నిజంగానే అవసరమవుతుంది. అప్పుడు మీరు అడిగిన తేడా లెక్క వేసుకోవచ్చు. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ ధర 34,900 నుంచి, 11 అంగుళాల ప్రో ధర 99,900 నుంచి మొదలవుతాయి. ప్రోకు తగిన పెన్సిల్ మరో 11,900. కీబోర్డు కూడా అడిగితే ఇంకో 29,900. మొత్తం 1,41,700. ఆ డబ్బుతో మంచి ల్యాప్‌టాపే వస్తుంది.

ఈ అదనపు సొమ్ముకు వచ్చేది ఏమిటంటే మెరుగైన తెర, సెకనుకు 60 సార్లకు బదులు 120 సార్లు వరకు మారే దృశ్యం, పెన్సిల్‌లో మరికొన్ని సౌకర్యాలు. మామూలు దానిలో గాజుకూ తెరకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. పెన్సిల్ మొన ఒకచోట, గీత వెంట్రుకవాసి పక్కన ఉన్నట్టు అనిపిస్తుంది. రోజంతా బొమ్మలు గీసి సంపాదించేవారికి ఇది పట్టింపే. మొదటి సంవత్సరం విద్యార్థికి వారంలో అలవాటైపోతుంది.

అయితే తక్కువ ధరదే కొంటే ఒక పొరపాటు చేయకండి. దుకాణంలో 7,900కు యూఎస్‌బీ-సీ పెన్సిల్ చూపిస్తారు. గట్టిగా నొక్కితే గీత లావెక్కడం, తేలికగా తాకితే సన్నబడటం దానిలో ఉండదు. నోట్సు రాసుకోవడానికి బాగుంటుంది, బొమ్మలకు పనికిరాదు. మామూలు ఐప్యాడ్‌కు ఆ గుణమున్న మొదటి తరం పెన్సిలే అడగండి. శాంసంగ్ ట్యాబ్ ఎస్ శ్రేణిలో అయితే ఆ గుణమున్న పెన్ను డబ్బాలోనే వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే తెర లేని పెన్ ట్యాబ్లెట్ ఒకటి దానికి తగిలించుకోవచ్చు. కొన్ని వేలలో అయిపోతుంది. చేతిని కాకుండా ఎదుటి తెరను చూస్తూ గీయడం మొదట చిరాకు పెడుతుంది, అంతే.

ఇంకో మాట. ప్రొడక్ట్ డిజైన్ వైపు వెళ్తే వస్తువుల త్రీడీ నమూనాలు తయారుచేసే సాలిడ్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్ తప్పదు. అది ఏ ఐప్యాడ్‌లోనూ నడవదు, ఎంత ఖరీదైనదైనా సరే. దానికి విండోస్ ల్యాప్‌టాప్ కావాలి. ఇప్పుడే లక్ష ఖర్చుపెడితే ఏడాది తిరక్కుండా మరో పెద్ద ఖర్చు మీ గుమ్మంలో ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు ఈ రెండో ఖర్చు దగ్గరే అప్పుచేస్తున్నారు.

అమ్మాయికి "వద్దు" అని మాత్రం చెప్పకండి. "సీటు వచ్చాక, కళాశాల వారిచ్చే జాబితా చూసి" అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఈలోగా ఒక ఆదివారం దుకాణానికి తీసుకెళ్లి రెండింటి మీదా అరగంట గీయనివ్వండి. తేడా ఆమే చెబుతుంది. చేరే కోర్సు ఖరారయ్యాక మళ్లీ రాయండి, ల్యాప్‌టాప్ లెక్క అప్పుడు చూద్దాం.