ఫిల్టర్ పూసిన రంగు – మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మాయీ,

నువ్వు పంపిన జలపాతం ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఫిల్టర్ లేనిదాంట్లో రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి. పది స్టాపుల ఎన్‌డి (న్యూట్రల్ డెన్సిటీ, అంటే రంగు మార్చకుండా వెలుగు మాత్రమే తగ్గించాల్సిన నల్ల గాజు) ఫిల్టర్ వేసినదాంట్లో అవే రాళ్లు వంకాయ రంగుకి తిరిగాయి, నురగ గులాబీ అయింది. "ఫిల్టర్ పాడైందా, కెమెరా పాడైందా మామయ్యా?" అని అడిగావు. రెండూ బాగానే ఉన్నట్టున్నాయి. పేరులో న్యూట్రల్ అని ఉంది కదా అని నమ్మావు, అదే వచ్చిన చిక్కు. నేను వాడినవాటిలో ఏ రంగూ పూయని ఎన్‌డి ఫిల్టర్ ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఒకటి తక్కువ పూస్తుంది, ఇంకోటి ఎక్కువ.

ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది, అంటే పది స్టాపులంటే వచ్చే వెలుగులో 1024వ వంతు మాత్రమే లోపలికి వదలడం. నీలం, పచ్చ, ఎరుపు మూడింటినీ సరిగ్గా అదే వంతున ఆపాలి. ఎరుపు ఓ పావు స్టాపు ఎక్కువ జారిపోయినా బొమ్మంతా ఎర్రబారుతుంది. మూడు స్టాపుల ఫిల్టర్లో ఈ తేడా కంటికి ఆనదు. పదికి వచ్చేసరికి దాగదు. రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి వేశావా, రెండింటి రంగూ కలుస్తుంది.

ఇక్కడే ఇంకో దొంగ ఉంది, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. కెమెరా సెన్సర్ ముందు దాన్ని ఆపే గాజు ఉంటుంది కానీ, పూర్తిగా ఆపదు. మామూలప్పుడు ఆ కాస్తా లెక్కలోకి రాదు. కంటికి కనిపించే వెలుగుని వెయ్యో వంతుకి తగ్గించి, ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం పెద్దగా తగ్గించని ఫిల్టర్ వేస్తే, లెక్కలోకి రానిది కాస్తా లెక్కంతా పాడుచేస్తుంది. ఇది నాకు ఓ నల్ల జాకెట్ నేర్పింది. ఒడ్డున నిలబడ్డ మిత్రుణ్ణి కదలకుండా ఉండమని అర నిమిషం ఎక్స్‌పోజర్ ఇచ్చాను, అంటే అంతసేపూ కెమెరాలోకి వెలుగు రానిచ్చాను. ఇంటికొచ్చి చూస్తే జాకెట్ మెరూన్ రంగులో ఉంది, అతని నల్ల ప్యాంటు మాత్రం నల్లగానే ఉంది! ఆ జాకెట్ గుడ్డ ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి కొట్టే రకం. కంప్యూటర్లో రెండు గంటలు వైట్ బ్యాలెన్స్ (బొమ్మ మొత్తం రంగుని సరిచేసే అమరిక) స్లైడర్ అటూ ఇటూ జరిపాను. జాకెట్ నలుపైతే ఆకాశం ఆకుపచ్చయింది. ఒక వస్తువుకి ఒక రంగు, పక్కదానికి ఇంకో రంగు అంటుకుంటే వైట్ బ్యాలెన్స్‌తో తేలదు, మాస్క్ వేసి, అంటే ఆ వస్తువు ఉన్న చోటు వరకే ఎంచుకుని, దిద్దుకోవాలి. ఆకులు కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా వెనక్కి పంపుతాయి కాబట్టి, పచ్చదనం గోధుమ రంగుకి తిరిగితే దాన్నే అనుమానించు. ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేలా చేసిన ఎన్‌డిలు దొరుకుతాయి. ఈసారి కొనేటప్పుడు అవే చూడు.

బొమ్మంతా ఒకే రంగు పులుముకుంటే మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. నీ జలపాతం ఆ రకమే అనుకుంటున్నాను.

ముందు ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపెయ్. అది ఒక్కో ఫ్రేముకి ఒక్కోలా ఊహిస్తుంది. రంగు పూసింది ఫిల్టరో కెమెరా ఊహో తేల్చుకోలేవు. వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ (మామూలు పగటి వెలుగు) దగ్గర కట్టేసి, రా ఫైల్‌లో, అంటే కెమెరా దిద్దని ముడి రూపంలో, తియ్యి. తర్వాత ఒక పని చెయ్యి, ఫిల్టర్‌కి ఒక్కసారి చేస్తే చాలు. వెలుగు నిలకడగా ఉన్న పూట, నీడలో గ్రే కార్డు (ఏ రంగూ లేని బూడిద అట్ట) నిలబెట్టి ఫ్రేమంతా నిండేలా ట్రైపాడ్ మీద మూడు ఫొటోలు తియ్యి. ఫిల్టర్ లేకుండా ఒకటి, వేసి ఒకటి, మళ్లీ తీసేసి ఒకటి. మూడోది ఎందుకంటావా? మొదటిదీ మూడోదీ ఒకే రంగులో ఉంటేనే మధ్యలో వెలుగు మారలేదని అర్థం. మబ్బు వచ్చి పోయిందంటే మళ్లీ మొదలుపెట్టు. గ్రే కార్డు లేదని ప్రింటర్ కాగితం పెట్టకు. తెల్లగా కనబడాలని అందులో కలిపే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలకి నీలంగా మెరుస్తుంది. కంటికి తెలుపే, కొలతకి కాదు.

కంప్యూటర్లో మధ్య ఫ్రేము తెరిచి, వైట్ బ్యాలెన్స్ ఐడ్రాపర్ (బూడిద చోటు చూపితే రంగు సరిచేసే గుర్తు)తో కార్డు మీద నొక్కు. టెంపరేచర్ (నీలం–పసుపు), టింట్ (ఆకుపచ్చ–గులాబీ) ఎంత జరిగాయో రాసిపెట్టుకో. గులాబీ, వంకాయ రంగులు పోవాలంటే టింట్‌ని ఆకుపచ్చ వైపు జరపాలి, చాలామంది టెంపరేచర్‌తోనే కుస్తీ పడతారు. ఆ అంకెని ప్రీసెట్‌గా దాచి అన్ని వేళలా వాడదామని మాత్రం చూడకు. టెంపరేచర్ అంకె అన్నిచోట్లా ఒకేలా పనిచెయ్యదు, 8000 కెల్విన్ నుంచి 7000కి దింపితే వచ్చే మార్పు, 3000 దగ్గర 150 దింపితేనే వచ్చేస్తుంది. అందుకే బయటికెళ్లినప్పుడు ఫిల్టర్ బిగించే ముందు, అదే చోట అదే వెలుగులో, ఫిల్టర్ లేకుండా ఒక ఫ్రేము తీసి ఉంచుకో. ఎలాగూ ఫోకస్ అప్పుడే చేసుకుంటావు. తర్వాత దిద్దేటప్పుడు గుర్తున్న రంగుకి కాదు, ఆ ఫ్రేముకి దగ్గరగా తెచ్చుకుంటావు. నా జ్ఞాపకంలో ప్రతి సాయంత్రమూ అసలుకన్నా ఎర్రగానే ఉంటుంది, నీదీ అంతే అయ్యుంటుంది.

నీలం పూసే ఫిల్టర్ అయితే ఎక్స్‌పోజర్‌లో కూడా జాగ్రత్త పడాలి. హిస్టోగ్రామ్‌లో (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) మూడు రంగులూ విడివిడిగా చూడు. ఎరుపు ఎడమ మూలకి నక్కి ఉంటే, తర్వాత దాన్ని పైకి లాగినప్పుడు నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టు మచ్చలు) వస్తుంది. నీలం కుడి అంచుకి గుద్దుకోనంతవరకు అర స్టాపు, స్టాపు ఎక్కువే ఇవ్వు. ఫిల్టర్ లేకుండా సెకనులో 30వ వంతు సరిపోయిన చోట పది స్టాపులకి 34 సెకన్లు లెక్క. ఫిల్టర్ మీద రాసిన అంకె అంత కచ్చితంగా ఉండదు కాబట్టి నేను ఇంకాస్త పెంచే తీస్తాను.

తిప్పితే చీకటి పెరిగే వేరియబుల్ ఎన్‌డి ఉందన్నావు. అది రెండు పోలరైజర్ల (ఒక దిశలో కంపించే వెలుగునే వదిలే గాజుల) జత. చివరిదాకా తిప్పితే, అందులోనూ వైడ్ లెన్స్ మీద, ఆకాశంలో ఎక్స్ ఆకారంలో చీకటి పడుతుంది. దాన్ని దిద్దడం నా వల్ల కాలేదు. చివరికి తిప్పకు, అంతే.

ఒక్కోసారి అసలు నేరం ఫిల్టర్‌ది కాదు. నేనొకసారి ఫొటో మధ్యలో ఊదారంగు చార పడిందని ఫిల్టర్ తీసుకెళ్లి అమ్మినాయనతో గొడవపడ్డాను. వెలుగు నా డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోంచి వెనకనించి దూరిందని తర్వాత తెలిసింది. వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాననుకో. నీది మిర్రర్‌లెస్, వెలుగు దూరే ఆ దారి దానికి ఉండదు, ఆ బాధ లేదు. ఫిల్టర్ హోల్డర్‌కీ లెన్స్‌కీ మధ్య సందు మాత్రం చూసుకో.

సూర్యుడు అస్తమించాక తీసినదాంట్లో నీలాన్ని మొత్తం తుడిచెయ్యకు. ఆ నీలం వెలుగుదే. ఇందాక చెప్పిన ఫిల్టర్ లేని ఫ్రేములో అది ఎంతుందో, ఇక్కడా అంతే ఉంచు.

గ్రే కార్డు ఫ్రేములు మూడూ నాకు పంపు. రా ఫైళ్లే పంపు, జేపీజీలు వద్దు. ఇంట్లో నల్లటి సింథటిక్ గుడ్డ ఏదైనా ఉంటే, దాన్ని ఎండలో పెట్టి ఫిల్టర్‌తో ఇంకొక్క ఫ్రేము తియ్యి. అది మెరూన్ అయిందో లేదో ముందు చూద్దాం, కొత్త ఫిల్టర్ సంగతి ఆ తర్వాత.

నీ మామయ్య